ముప్పయ్యి నుంచి ముప్పయ్యి వరకు

ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళకు ఏ సరుకు ఎక్కడ దొరుకుతుందో చెప్పడం ఆమె ఉద్యోగం. రైల్వే స్టేషనుకు ఎదురుగా ఉన్న నాలుగంతస్తుల బజారులో, కింది అంతస్తు నడిమధ్యన, నాలుగు వైపులా అద్దాలు బిగించిన గదిలో కూర్చుంటుంది. గది అనడం మర్యాద కోసం. ఒక కుర్చీ, ఒక బల్ల, గుర్రుమనే బుల్లి ఫ్యాను, నడుం వంచి దూరాల్సిన తలుపు, అంతే. దుకాణాలవాళ్ళు దాన్ని గాజుపెట్టె అంటారు, ఆమెను గాజుపెట్టె అక్కయ్య అంటారు. పందొమ్మిదేళ్ళుగా అలా పిలిచీ పిలిచీ అసలు పేరు వాళ్ళు మరిచిపోయారు. ఎవరైనా ఆ పేరుతో పిలిస్తే ఇప్పుడు ఆమే చప్పున పలకదు.

మాట్లాడడానికి అద్దంలో అరచెయ్యంత కన్నం ఉంది. దాన్ని కోసిన మహానుభావుడు బయట నిలబడే మనిషి ఎత్తు చూసుకున్నాడు గాని లోపల కూర్చునే మనిషి ఎత్తు చూసుకోలేదు. అందుకని ఎవరితో మాట్లాడాలన్నా ఆమె మెడ ఎడమ పక్కకు సాచి పైకెత్తాలి. పందొమ్మిదేళ్ళకు మెడ అలాగే అలవాటుపడిపోయింది. ఇంట్లో భర్తతో మాట్లాడినా, గోడ మీద గడియారం చూసినా, ఎవరో కన్నంలోంచి పిలిచినట్టే చూస్తుంది.

వచ్చేవాళ్ళలో నూటికి అరవైమంది అడిగేది మరుగుదొడ్డి ఎటు అని. తక్కినవాళ్ళే అసలు గిరాకీ. రెండు రైళ్ళ మధ్య మూడు గంటలు చేతిలో ఉన్నవాళ్ళు, పని మీద వచ్చి ఇంటికి వట్టి చేతులతో వెళ్ళలేనివాళ్ళు, పిడి ఊడిన పెట్టెను కావలించుకుని స్టేషనులోంచి పరుగెత్తుకొచ్చినవాళ్ళు. వాళ్ళను ఆమె మూడు ప్రశ్నలు అడుగుతుంది. రైలు ఎన్నింటికి, చేతిలో సామాను ఎంత, కాళ్ళనొప్పులేమైనా ఉన్నాయా. ఈ మూడూ తెలియకుండా దారి చెప్పడం నాడి చూడకుండా మందివ్వడమేనని ఆమె నమ్మకం. అడిగాక, కట్టలోంచి ఒక చీటీ లాగి, ఎడమ చేతి వైపు అడుగు మూలన చిన్న చదరం గీసి, "ఇదిగో, ఇది మనం" అంటుంది. ఆ చదరం గాజుపెట్టె. ఏ దారైనా అక్కడినుంచే మొదలు. బట్టల వీధికి ఇలా, కోర్టు వెనక పాత పుస్తకాలకు ఇలా, కళ్ళజోళ్ళ సందుకు వంతెన దాటి కుడికి, గాజు సామానుకైతే గడియారాల షాపుల వరసలోంచి పోతే ఎండ తగలదు. బేరం ఎక్కడ ఆడాలో, ఎక్కడ ఆడితే పరువు పోతుందో కూడా చీటీ అంచున రాసి ఇస్తుంది.

ఇంతా చేసి, ఆమె ఆ వీధుల్లో ఒక గజం గుడ్డ కొన్న పాపాన పోలేదు. ఎలా కొంటుంది? ఊళ్ళో దుకాణాలు తెరిచే వేళకు ఆమె పెట్టెలో ఉండాలి, అవి మూసే వేళకు బయటికి రావాలి. వారానికి ఒక సెలవుంది, నిజమే, ఆ రోజు ఊరంతా మూసే ఉంటుంది. ఆమె చీర భర్త కొంటాడు, గొడుగు ఎదురు దుకాణంవాడు తెచ్చిస్తాడు. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా. ఆ దారులన్నీ చిన్నప్పుడు తండ్రి వెనక నడిచి నేర్చుకున్నవి. ఆయన దారపు రీళ్ళ సంచీ భుజాన వేసుకుని దుకాణం దుకాణానికీ తిరిగి సరుకు వేసేవాడు. పెద్దకూతురు సంచీ కొస పట్టుకుని కూడా తిరిగేది. తండ్రి పోయాడు, దారులు మాత్రం ఆమె బుర్రలో అలాగే ఉన్నాయి.

మార్కెట్టు తెరిచి ఉన్నంతసేపూ పెట్టె ఖాళీగా ఉండకూడదన్నది అక్కడి మొదటి నియమం. డబ్బాలో తెచ్చుకున్న అన్నం నాలుగు వైపులా జనం చూస్తుండగా తినాలి. అటు తిరిగి తిందామంటే ఎటు తిరిగినా అద్దమే. తప్పనిసరై అయిదు నిమిషాలు లేవాల్సి వస్తే కన్నానికి తగిలించడానికి ఒక అట్టముక్క ఇచ్చారు. దాని మీద "ఇప్పుడే వస్తాను" అని ఉంటుంది. రెండో వైపు ఏమీ ఉండదు.

ఇలాంటి మనిషికి ఆ సంవత్సరం తప్పించుకునే దారి ఒకటి దొరికింది. ఆమె చెల్లెలు, మాటకు ముందు చెయ్యి లేచే రకం, ఊరికి ఆ చివర కొత్తగా కట్టిన బజారులో చిన్న కుట్టు దుకాణం పెట్టింది. పొడుగు తగ్గించడం, జిప్పులు మార్చడం, లైనింగు గుడ్డ, బొత్తాలు. పని బాగానే వస్తోంది, ఒక్క మనిషి వల్ల కావడం లేదు. పక్కింటి టైలరమ్మ తనను చేర్చుకోమని వెంటపడుతోంది. చెల్లెలు ఆమెకు అవునని చెప్పలేదు, కాదని చెప్పలేదు. ఒక రోజు అక్క ఇంటికి వచ్చి తేల్చేసింది.

"రెండో కుర్చీ నీదే అక్కా. ఒకటో తారీఖు వరకూ ఖాళీగా ఉంచుతాను. ఆ రోజు నువ్వు రాకపోతే టైలరమ్మను కూర్చోబెట్టుకుంటాను. తర్వాత ఏడిస్తే నేను వినను."

అక్కయ్యకు ఎంత ఆశ పుట్టిందో చెప్పలేం. అద్దాలు లేని చోట, చెల్లెలి పక్కన, చేతికి సూదీ దారం. భర్తను అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. కాపురం చేసినవాళ్ళకు తెలుసు, ఆ మాట అనుమతి కాదు, రేపు తేడా వస్తే చెప్పడానికి దాచుకున్న సాక్ష్యం. అయినా అడ్డం చెప్పలేదు, అదే పదివేలు. ఇక మిగిలింది మేనేజరుతో చెప్పడం.

మేనేజరు చెడ్డవాడైతే ఆమె ఎప్పుడో మానేసేది. ఆయన మంచివాడు. మంచివాళ్ళ కింద పని చేయడంలో ఉన్న చిక్కే అది, కోపం తెచ్చుకోవడానికి కూడా సందివ్వరు. కనబడిన ప్రతివాడితోనూ "ఈవిడ లేకపోతే ఈ బజారు లేదండీ" అంటాడు. ఆమెకు జ్వరం వస్తే మాత్రలు తనే తెచ్చి కన్నంలోంచి అందించాడు. జ్వరమొచ్చిన మనిషిని ఇంటికి పంపాలని మాత్రం ఆయనకు తోచలేదు, ఆమెకూ తోచలేదు. చెబుదామని రెండుసార్లు ఆయన గదికి వెళ్ళింది. మొదటిసారి ఆయనే కూర్చోబెట్టి, ఒక యాత్రికుడు రాసిన మెచ్చుకోలు ఉత్తరం చదివి వినిపించాడు. రెండోసారి కొత్త ఫ్యాను తెప్పిస్తున్నానన్నాడు. రెండుసార్లూ చెప్పకుండానే మళ్ళీ పెట్టెలోకి వచ్చి కూర్చుంది.

నోటితో కాని పని రాతతో అవుతుందని ఉత్తరం రాయబోయింది. ఇక్కడే ఆమె తెలివి అడ్డొచ్చింది. రాజీనామా అన్న మాట మంత్రులకూ పెద్ద ఆఫీసర్లకూ సరిపోతుంది గాని గాజుపెట్టెకు అంత మాట ఎందుకనిపించింది. మానేస్తున్నాను అంటే ముఖాన కొట్టినట్టు ఉంటుంది. పోతున్నాను అనే మాట బతికుండగా ఎవరంటారు? ఆలోచించి ఆలోచించి, పెద్దవాళ్ళు చేతులు జోడించి వీడ్కోలు తీసుకునేటప్పుడు వాడే మాట పట్టుకుంది. "ఇంటి పరిస్థితుల వలన ఈ నెల ముప్పయ్యో తేదీ నుంచి నాకు సెలవు ఇప్పించవలసిందిగా ప్రార్థన" అని రాసింది. చదువుకుంటే తన కళ్ళకే నీళ్ళొచ్చాయి, అంత నిండుగా ఉంది. మేనేజరు పుస్తకాలు చదివే మనిషి, అర్థం చేసుకుంటాడనుకుంది.

మర్నాడు ఆయనే కాగితం పట్టుకుని పెట్టె దగ్గరికి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఏమ్మా, ముప్పయ్యి నుంచి అని రాశారు గాని, ఎప్పటి వరకో రాయలేదు. నేనే నింపేశాను లెండి. ముప్పయ్యి నుంచి ముప్పయ్యి వరకు. పందొమ్మిదేళ్ళలో మీరు సెలవు అడగడం ఇదే మొదటిసారి, ఎలా కాదంటాను? ఆ ఒక్కరోజూ మీ కుర్చీలో నేనే కూర్చుంటాను."

ఆకుపచ్చ సిరాతో "ఒక రోజు, మంజూరు" అని రాసి సంతకం చేసి ఉంది. అప్పుడైనా నోరు విప్పి, సార్, అది ఆ సెలవు కాదండీ అని ఒక్క ముక్క అనొచ్చు కదా. అనలేదు. నెలనెలా జీతాలిచ్చే పెద్దమనిషి తన కోసం పెట్టెలో కూర్చుంటానంటుంటే ఏమనగలదు? "మీ దయ సార్" అంది. నిజంగా ఆ మాటే అంది, ఏం చెయ్యమంటారు ఆ మనిషిని.

సెలవు ముందు రోజు దుకాణాలు మూసే వేళ, చీటీ ఒకటి లాగి తన కోసం తనే దారి గీసుకుంది. మూడు ప్రశ్నలూ తనకు తనే వేసుకుంది. రైలు లేదు. సామాను చేతిసంచీ ఒక్కటే. కాళ్ళు బాగానే ఉన్నాయి, నొప్పి మెడది. చెల్లెలి దుకాణానికి వట్టి చేతులతో ఎందుకని, దారిలో బొత్తాల సందులో ఆగి ఒక మంచి పెట్టెడు బొత్తాలు తీసుకోవాలనుకుంది. తండ్రి ఆ సందులో అందరికంటే ఎక్కువ రీళ్ళు వేసేవాడు. ఊళ్ళోకి వచ్చినవాళ్ళు బొత్తాలనగానే ఆమె కళ్ళు మూసుకుని గీసే దారి అది. పాత పోస్టాఫీసు దాటి, రెండో ఎడమ, ఇనుప మెట్ల పక్క.

ముప్పయ్యో తేదీ ఉదయం పాత పోస్టాఫీసు దాటింది, రెండో ఎడమ తిరిగింది. ఇనుప మెట్లు లేవు. సందు లేదు. నెత్తిన పెద్ద ఫ్లైఓవరు, దాని స్తంభాల మధ్య కార్లు ఆపుకునే జాగా. తప్పు మలుపు తిరిగానేమోనని వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చింది. అక్కడ స్టూలు మీద కూర్చుని కార్లవాళ్ళకు చీటీలిస్తున్న ముసలాయన్ని అడిగింది.

"బొత్తాల సందా? అది పోయి రెండేళ్ళయిందమ్మా" అన్నాడాయన. "అయినా వారానికి ఇద్దరు ముగ్గురు ఇలాగే చీటీ పట్టుకుని వస్తూనే ఉంటారు. పాపం, వాళ్ళకు రైలు టైమవుతుంటుంది, ఎవరితో చెప్పుకుంటారు, ఆ చీటీ నా చేతిలో పెట్టి పోతుంటారు. వెనక వైపు ఖాళీయే కదా, నేను కారు నంబర్లు రాసుకుంటాను."

మేకుకు గుచ్చిన కాగితాల కట్ట చూపించాడు. పైనున్న దాని మీద ఏదో కారు నంబరు. ఆయన తిప్పి చూపిస్తే, ఎడమ చేతి వైపు అడుగు మూలన చిన్న చదరం. దాని కిందదీ అంతే. దాని కిందదీ అంతే. ఆమె తెలియకుండానే లెక్కపెట్టబోయి మానేసింది. రెండేళ్ళుగా తను నవ్వు ముఖంతో పంపిన మనుషులు ఈ ఎండలో నిలబడి అటూ ఇటూ చూశారన్నమాట. తిరిగి వచ్చి తిట్టినవాడు ఒక్కడూ లేడు. తిట్టి ఉంటే తెలిసేది. వచ్చే జనమే గాని మళ్ళీ వచ్చే జనం కాదు కదా ఆమె దగ్గరికి వచ్చేది. సిగ్గుతో ఆమెకు చెవులు కాలాయి.

"గీసినవాళ్ళ చెయ్యి మంచిదమ్మా" అన్నాడు ముసలాయన. "దారిలో తప్పేం లేదు. సందే లేదు."

ఆ చెయ్యి నాదేనని ఆమె చెప్పలేదు.

చెల్లెలి దుకాణం చేరేసరికి పదకొండయింది. పైన కొత్త బోర్డు, "అక్కాచెల్లెళ్ళ కుట్టుపని" అని. ఇంకా ఒకటో తారీఖు రానేలేదు, బోర్డు మాత్రం వచ్చేసింది. రెండో కుర్చీ మీద దిండు కుట్టి పెట్టి ఉంది, మెడ ఆనించుకోవడానికి వీలుగా వెనక వైపు ఒకటి అదనంగా కూడా. చెల్లెలు మిషను ఆపి లేచింది.

"చెప్పేశావా?"

"సెలవు తీసుకున్నానే" అంది అక్కయ్య.

అబద్ధం కాదు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. చెల్లెలు మాత్రం ఆ మాటను అక్క ఉత్తరంలో రాసిన అర్థంతోనే పట్టుకుంది. పట్టలేని సంతోషంతో అక్కను వాటేసుకుని, ఉన్నపళంగా ఫోను తీసి టైలరమ్మకు చెప్పేసింది, ఇక నువ్వు చూడక్కర్లేదు, వేరే చోట చేరమని. ఆ రెండు నిమిషాలూ అక్కయ్య ఎదురుగానే నిలబడి ఉంది. ఆగమని చెయ్యెత్తితే చాలు. మేనేజరుకు ఈ సెలవు ఆ సెలవు కాదని చెప్పలేకపోయింది, చెల్లెలికి ఆ సెలవు ఈ సెలవు కాదని చెప్పలేకపోయింది. ఒకే మాట అటు తలుపూ మూసింది, ఇటు తలుపూ మూసింది, మధ్యలో ఈవిడ.

ఆ రోజు మాత్రం ఆమె సుఖంగా గడిపింది, అది దాచడం దేనికి. పాత కోటుకు లైనింగు మార్చింది, రెండు లాగులకు పొడుగు తగ్గించింది. చిన్నప్పుడు నేర్చిన పని చేతికి తిరిగి వచ్చింది. గిరాకీ వచ్చి మాట్లాడినప్పుడల్లా మెడ ఎడమ పక్కకు సాచి పైకెత్తుతుంటే చెల్లెలు పగలబడి నవ్వి, "ఇక్కడ కన్నం లేదే అక్కా, తిన్నగా చూడు" అంది. తిన్నగా చూస్తే మనుషుల ముఖాలు అంత దగ్గరగా ఉంటాయని ఆమెకు తెలియనే తెలియదు. మధ్యాహ్నం వీధికేసి కూర్చుని తింది, ఎవరూ చూడలేదు. చూడకపోవడం ఇంత హాయిగా ఉంటుందా అనుకుంది. రేపు పొద్దున్నే మేనేజరుతో తిన్నగా చెప్పేస్తానని కుట్టు కుట్టుకూ ఒట్టు పెట్టుకుంది.

సాయంత్రం లేచి "వస్తానే" అంది. ఎవరైనా అలాగే అంటారు, వెళ్తున్నాననరు.

"రా, రేపు తొమ్మిదికల్లా రా" అంది చెల్లెలు.

ఒకటో తారీఖు ఉదయం బస్సు స్టాపులో నిలబడింది. ఒక బస్సు చెల్లెలి వైపు వెళ్తుంది, ఒకటి స్టేషను వైపు. స్టేషను బస్సు ముందొచ్చింది. చెప్పేసి వెంటనే వెనక్కి వచ్చేద్దామనుకుని ఎక్కింది. మేనేజరు పెట్టె దగ్గరే ఎదురుచూస్తున్నాడు, మెడకు పట్టీ కట్టుకుని.

"ఒక్కరోజుకే పట్టేసిందమ్మా" అన్నాడు. "ఎలా కూర్చుంటున్నారో మీరు. నావల్ల కాలేదు. అడిగినవాళ్ళకు ఒక్కదానికీ జవాబు తెలియలేదు, బిక్కముఖం వేసుకుని కూర్చున్నాను. మీరు వచ్చారు, నా ప్రాణం లేచొచ్చింది."

ఆయన కళ్ళల్లో నిజంగా నీళ్ళున్నాయి. వెనక అప్పుడే నలుగురు వరస కట్టారు. ఆమె నడుం వంచి లోపలికి దూరింది. ముందు ఈ నలుగురినీ పంపేసి చెబుదామనుకుంది.

నలుగురు అయ్యాక అయిదో మనిషి ఒక పెద్దావిడ. నాలుగింటి రైలుకు వెళ్ళాలి, కోటుకు పై బొత్తాం ఊడిపోయింది, సరిపోయేది ఎక్కడ దొరుకుతుందని అడిగింది. సామాను లేదు, కాళ్ళు బాగానే ఉన్నాయంది. అక్కయ్య చెయ్యి పాత పోస్టాఫీసు వైపు పోబోయి ఆగింది. చదరం దగ్గర మొదలుపెట్టి, ఊరికి ఆ చివర దాకా దారి గీసింది. ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో, మలుపులో ఏ బోర్డు కనబడుతుందో అన్నీ రాసింది. పందొమ్మిదేళ్ళలో అంత శ్రద్ధగా ఏ దారీ గీయలేదు. అక్కడ కూర్చున్నావిడకు ఈ చీటీ తప్పకుండా ఇవ్వండి, బొత్తాం ఆమే కుట్టిపెడుతుంది అని చెప్పింది. ఇచ్చే ముందు తిప్పి, వెనక వైపు రాసింది: "సెలవు ఒక్కరోజే ఇచ్చారు. టైలరమ్మను పిలిపించుకో."

చెల్లెలితో ఎదురుగా చెప్పాల్సిన మాట, ఎవరో రైలు ప్రయాణికురాలి చేతికిచ్చి పంపింది. వెనక్కి పిలుద్దామంటే పెద్దావిడ అప్పటికే గుమ్మం దాటేసింది, పెట్టె వదిలి పరుగెత్తడానికి వీల్లేదు.

మూడున్నరకు వరసలో చెల్లెలు కనబడింది. ముందుకు తోసుకు రాలేదు, అరవలేదు. ముందున్న ముగ్గురూ తమ తమ దారులు తెలుసుకుని వెళ్ళేదాకా ఆగింది. తన వంతు రాగానే కన్నం దగ్గరికి వచ్చి నిలబడింది. పందొమ్మిదేళ్ళలో ఆమె అక్కడికి రావడం అదే మొదటిసారి. ఎర్రబడిన కళ్ళతో, గొంతు మాత్రం మెల్లగా, కొత్తగా ఊళ్ళోకి వచ్చిన మనిషిలాగే అడిగింది.

"మా అక్క ఎక్కడ దొరుకుతుందో చెప్తారా? రైలు లేదు. సామాను లేదు. కాళ్ళు బాగానే ఉన్నాయి, ఇంత దూరం వచ్చాను."

అక్కయ్య చెయ్యి అలవాటు కొద్దీ చీటీ లాగింది. ఎడమ చేతి వైపు అడుగు మూలన చదరం గీసింది. కలం అక్కడే ఆగింది.

చెల్లెలు ఆ చదరం చూసి, "తర్వాత?" అంది.

తర్వాత ఏమీ లేదు. చెల్లెలు కన్నంలోకి చెయ్యి పెట్టి ఆ చీటీ తీసుకుంది, మడిచి గుప్పిట్లో పెట్టుకుంది, పక్కకు జరిగి గుమ్మం వైపు నడిచింది. వెళ్ళేటప్పుడు వస్తానని అనలేదు. వెనక నిలబడ్డాయన ముందుకు జరిగి, తన రైలు అయిదింటికని, కాస్త త్వరగా కానిమ్మని అన్నాడు. రైలు సంగతి ఆయనే చెప్పేశాడు కాబట్టి, అక్కయ్య మెడ సాచి, సామాను ఎంత ఉందని అడిగింది.